నక్కను తోలే పని మనది, కేసు కూడా మనకేనా?

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

మొన్న మా బోగోలు దగ్గర రొయ్యల గుంటకు రాత్రి కాపలా పోయే మా కాలనీ కుర్రోడు ఒకడు నన్నడిగాడు. "అన్నా, నక్కలు ఎక్కువైనాయి. గుంట ఓనరు ఉచ్చులు పెట్టమంటా ఉండాడు, ఒక్కోదానికి డబ్బులిస్తా అంటా ఉండాడు. పెట్టేదా?" వద్దురా అన్నా. ఎందుకు వద్దంటే మాత్రం వాడికి రెండు ముక్కల్లో చెప్పలేకపోయా. అది చెప్పాలంటే మన చరిత్రే కొంత చెప్పాల్సి వస్తుంది.

ముందు జంతువు సంగతి. మనం నక్క, గుంటనక్క అని రెండు పేర్లు కలిపేసి వాడతాం గానీ అవి రెండు వేరు. పొద్దుగూకినాక గుంపుగా ఊళ పెట్టేది నక్క. తోకకొస నల్లగా కుచ్చులా ఉండి, చిన్నగా, బొరియలో కాపురం చేసేది గుంటనక్క. ఇళ్ల దాకా వచ్చేది ఎక్కువగా మొదటిదే. ఎలుకలు, పీతలు, రాలిన తాటిపండ్లు, పుచ్చకాయలు, వేరుశనగ, చచ్చిన గొడ్డు, ఏది దొరికితే అది తింటుంది. కోడి దొరికితే వదలదు. దాని తిండి జాబితా చూస్తే మా తాత నవ్వేవాడు, "మనకూ దానికీ ఒకటే వంటిల్లు రా" అని.

అందులో అబద్ధమేం లేదు. మన యానాదులు వరిచేలల్లో ఎలుకలు పట్టేవాళ్లు. కుండలో గడ్డి వేసి నిప్పు పెట్టి, బొరియలోకి పొగ ఊది, ఎలుకను పట్టి, అది దాచుకున్న వడ్లు కూడా తవ్వి తెచ్చుకునేవాళ్లు. రైతుకు పంట మిగిలేది, మనకు పూట గడిచేది. అదే చేలో రాత్రిపూట నక్క చేసే పనీ అదే. 1909లో ఎడ్గార్ థర్స్టన్ అనే ఇంగ్లీషాయన దక్షిణ దేశపు కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేయించాడు. ఏడోదాంట్లో మన గురించి చాలా పేజీలుండాయి. రైతుల దగ్గర కాపలా పని చేసే యానాదుల సంగతి అందులో ఉంది. అంటే ఊరి పంటకు, ఊరి ఇళ్లకు రాత్రి కావలి మనమే. నక్కను అదిలించేదీ మనమే. అదిలించడం అంటున్నా, చంపడం అనడం లేదు. తాత చెప్పిన పద్ధతి ఇదీ: చేని గట్టున నెగడు వెయ్యడం, రేకు డబ్బా వాయించడం, కుక్కను వెంట ఉంచుకోవడం. "నక్కను చంపితే ఎలకలు ఎవరు తింటారు, నువ్వా?" అని రైతునే అడిగేవాడంట.

ఇక్కడే కథ తిరగబడింది. ఏ రాత్రి తిరుగుడు కోసం ఊరు మనకు గింజలు కొలిచిందో, ఆ రాత్రి తిరుగుడునే సర్కారు నేరంగా రాసుకుంది. 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తగిలించారు. వేలిముద్రలు, పోలీసు దగ్గర హాజరు, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. మన మండలంలోని కప్పరాళ్లతిప్ప ఆ రోజుల సెటిల్‌మెంటే, అక్కడ ఎక్కువగా పెట్టింది ఎరుకల వాళ్లను. యానాదులను కూడా ఆ చట్టం విడిచిపెట్టలేదు. వెన్నెలకంటి రాఘవయ్య గారు నెల్లూరు మనిషి, మన కులం కాదు, అయినా ఆ చట్టం పోవాలని ఏళ్ల తరబడి పోరాడాడు, యానాదుల మీద పుస్తకం రాశాడు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది. కోడి పోతే ముందు నక్కను అనుమానిస్తారు, తర్వాత మన కాలనీని. ఒక్కోసారి వరస మారుద్ది.

ఇంకోమాట. ఎస్టీ జాబితాలో "నక్కల" అని ఒక తెగ ఉందని మనలో ఎంతమందికి తెలుసు? నక్కల, కుర్వికరన్ అని 2003లో చేర్చారు. జంతువు పేరే మనుషులకు పేరైపోయింది. లోకం "నక్కజిత్తులు" అంటూ తిట్టుద్ది, అదృష్టమొస్తే "నక్క తోక తొక్కావా" అంటుంది, నక్క కొమ్ము ఇంట్లో ఉంటే కలిసొస్తుందని డబ్బులు పోసి కొంటుంది. నక్కకు కొమ్ము ఉండదబ్బా! ఆ నమ్మకం కోసం జంతువును చంపుతారు, లేదంటే తోలుతో బొచ్చుతో దొంగ కొమ్ము తయారు చేస్తారు. దొరికితే లోపలికి పోయేది అమ్మినోడు, కొన్నోడు కాదు.

మరి నక్కలు ఇళ్లల్లోకి ఎందుకు వస్తున్నాయి? అవి వచ్చాయనడం కంటే మనం వాటి మధ్యకు పోయామనడం నిజం. 1899లో మద్రాసు-బెజవాడ రైలు దారి కలిసింది. తర్వాత బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు, రైల్వే కాలనీ వచ్చాయి. ఆవిరి ఇంజన్లు పోయాక ఆ సందడి తగ్గింది, కంపచెట్లు పెరిగాయి. కంప ఉన్నచోట నక్కకు ఇల్లు ఉన్నట్టే. 1990ల్లో సముద్రం వైపు రొయ్యల గుంటలు తవ్వారు. పశువులు మేసిన బీళ్లు, మనం పీతలు పట్టుకున్న పర్రలు వాటి కింద పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం పరిధిలోని రొయ్యల చెరువులు తీసెయ్యమంది. 2005లో పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది, గుంటలు నిలిచిపోయాయి. గట్టు మీద చచ్చిన రొయ్య, ఊరి చివర చికెన్ షాపు చెత్త. నక్కకు ఇంతకంటే విందు ఏం కావాలి?

అమెరికాలో దీని అన్న లాంటిది ఒకటుంది, కయోటీ అంటారు. అక్కడి నవాహో వంటి ఆదివాసుల కథల్లో అది మన కథల నక్క లాంటిదే, జిత్తులమారి. అక్కడి సర్కారు ఏటా వేల లెక్కన చంపిస్తా ఉంది. అయినా అది తగ్గకపోగా దేశమంతా పాకింది, షికాగో నగరం నడిమధ్య కూడా ఉంది. 2000 నుంచి అక్కడ వాటిని పట్టి రేడియో పట్టీలు కట్టి గమనిస్తున్నారు. ఇప్పుడు అక్కడి ఊళ్లలో జనానికి చెప్పేది ఏంటంటే, తిండి పెట్టొద్దు, చెత్త మూసిపెట్టండి, ఎదురైతే పరిగెత్తకుండా చేతులెత్తి గట్టిగా అరవండి, డబ్బా వాయించండి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాత రేకు డబ్బాకు ఇంగ్లీషు పేరు పెట్టారు అంతే.

ఇంక ఆ కుర్రోడి ప్రశ్న. వన్యప్రాణి చట్టం 1972ది. 2022 సవరణతో నక్కను మొదటి షెడ్యూలులో పెట్టారు, పులి ఉన్న షెడ్యూలే. దాన్ని చంపితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు, పాతికవేలకు తగ్గకుండా జరిమానా. ఉచ్చు పెట్టించినోడు "నాకేం తెలీదు, కాపలావాడు పెట్టుకున్నాడు" అంటే మన కుర్రోడి దగ్గర ఏ కాగితం ఉంది? కరెంటు తీగ పెడితే ఇంకా ఘోరం, దానికి నక్క ఎవరో మనిషి ఎవరో తెలీదు. ఓనరుతో ఇదే చెప్పమన్నా: గట్టు చుట్టూ వల కట్టించు, లైటు పెట్టించు, చచ్చిన రొయ్యలు పూడ్పించు, రాత్రంతా తోలతాం, చంపం.

ఒక్క విషయంలో మాత్రం దయ చూపొద్దు, పిచ్చి నక్క. పట్టపగలు భయం లేకుండా మీదకొస్తుంటే, తూలుతుంటే దగ్గరికి పోవద్దు, పిల్లల్ని లోపల పెట్టి ఫారెస్టు వాళ్లకు చెప్పండి. కరిస్తే నాటువైద్యం, పసరు, కారం ఏదీ వద్దు. పుండును సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే సర్కారు ఆసుపత్రికి పోవాలి. ఒకప్పుడు ఈ మందు కోసం మన జిల్లా వాళ్లు నీలగిరుల్లోని కూనూరు దాకా పోవాల్సొచ్చేది, అక్కడ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907లో పెట్టారు. తర్వాత బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ భయంతోనే మన పెద్దోళ్లు ఆసుపత్రి పేరెత్తితే పారిపోయేవాళ్లు. ఆ మందు తయారీ దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే సూదులే, నాలుగైదు సార్లు. గాయం లోతుగా ఉంటే పుండు దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు, అది అడిగి వేయించుకోండి.

మా కుర్రోడు ఓనరుకు చెప్పాడంట. "చూద్దాంలే" అన్నాడంట ఆయన. వల ఇంకా కట్టలేదు. నిన్న రాత్రి కూడా వీడు డబ్బా పట్టుకొనే పోయాడు. మీ ఊళ్లల్లో కాపలాకు పోయే మనోళ్లను ఇట్టా ఎవరైనా అడిగారా? ముసలోళ్లు నక్కను ఎట్టా తోలేవాళ్లో కూడా కింద రాయండి, తాతలు ఉండగానే రాసుకుందాం.