తూటాల రీలోడింగ్

తూటాల రీలోడింగ్ అనగా ఒకసారి పేల్చిన తూటా యొక్క ఖాళీ తొడుగును పారవేయక, దానిలో మరల మందు నింపి, కొత్త గుండును అమర్చి, తిరిగి పేల్చుటకు సిద్ధపరచడం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేటగాళ్ళు, గురి పోటీలలో పాల్గొనేవారు దీనిని ఇంటివద్ద అభిరుచిగా చేస్తారు. భారతదేశంలో లైసెన్సు లేకుండా ఇదే పని చేయడం నేరం.

విధానం

తూటాలో ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, కొనన గుండు ఉంటాయి. పేలిన తరువాత పనికివచ్చేది తొడుగు ఒక్కటే. ఒత్తిడికి ఉబ్బిన ఆ తొడుగును చేతిప్రెస్సులోని అచ్చుతో పూర్వపు కొలతకు తెచ్చి, ప్రైమర్ మార్చి, తూచిన మందు పోసి, గుండు బిగిస్తారు. ఖర్చు తగ్గడం, తన తుపాకికి సరిగ్గా నప్పే తూటా దొరకడం దీనిలోని ఆకర్షణలు.

ప్రైమర్లలో రెండు రకాలు ప్రసిద్ధం. ఆంగ్లేయుడు బాక్సర్ రూపొందించినది అమెరికాలోను, అమెరికన్ బెర్డాన్ రూపొందించినది ఐరోపాలోను స్థిరపడడం ఒక వింత. రెండూ 1866 నాటివే. బాక్సర్ ప్రైమర్ సులువుగా ఊడివస్తుంది కనుక అమెరికాలో ఈ అభిరుచి వ్యాపించడానికి అది తోడ్పడింది. పాయింట్ 22 తూటాలలో మండే పదార్థం తొడుగు అంచులోనే ఉంటుంది. అందువలన వాటిని సాధారణంగా రీలోడ్ చేయరు.

ప్రమాదాలు

1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ పొగరాని మందును కనుగొన్న తరువాత ఈ పనిలో ప్రమాదం పెరిగింది. ఈ మందు నల్లమందు కన్నా ఎంతో శక్తిగలది. దీనిని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. ఒక మందుకు బదులు మరొకటి పోసినా, ఏమరుపాటున ఒకే తొడుగులో రెండుసార్లు పోసినా తుపాకి గొట్టం పగిలి కాల్చినవాని చేతులు, కళ్ళు పోవచ్చు.

తెలుగునాట

తెలుగువారికి పరిచయమైనది రీలోడింగ్ కాదు, బర్మారు. దీనికి తూటా ఉండదు. ప్రతిసారీ గొట్టం మూతినుండి మందు, రవ్వలు పోసి కడ్డీతో కూరుతారు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో బర్మార్లు వాడారు. పంట రక్షణకు ఇటువంటి తుపాకికి లైసెన్సు ఇచ్చే నిబంధన 1959 ఆయుధ చట్టం 13వ సెక్షనులో ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినది ఎయిర్ రైఫిల్‌తో. దానికి మందు అవసరమే లేదు.

చట్టం

ఆయుధ చట్టం 2వ సెక్షను ప్రకారం తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. లైసెన్సు లేని తయారీని 5వ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణతో దీనికి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం అయింది.

అమెరికాలో సొంత వాడకానికి రీలోడింగ్ చేయుటకు ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికైతే కావాలి. అయితే తాత్కాలిక వీసాపై అక్కడ ఉంటున్న విద్యార్థులు, ఉద్యోగులు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తూటాలు కలిగి ఉండరాదు. స్వదేశానికి వచ్చేటప్పుడు సామానులో మరచిపోయిన ఒక్క తూటాకైనా విమానాశ్రయంలో కేసు నమోదు కావచ్చు. తెలిసి ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. తెలియదని రుజువయ్యేది మాత్రం కేసు పడిన తరువాతనే.