ఓటుకు తగిన సీటు – న్యూజీలాండు అనుభవం

ఎక్కువ ఓట్లు పొందిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చోవడం న్యూజీలాండులో వరుసగా రెండు పర్యాయాలు జరిగినది. 1978లోనూ, 1981లోనూ లేబర్ పార్టీకి నేషనల్ పార్టీ కన్న అధికంగా ఓట్లు వచ్చినవి. అధికారం మాత్రం నేషనల్‌కే దక్కినది. మూడవ పక్షమైన సోషల్ క్రెడిట్ గతి మరీ దయనీయం. 1981లో నూటికి ఇరవై పైచిలుకు ఓట్లు తెచ్చుకొని, 92 స్థానాల సభలో రెండింటితో సరిపెట్టుకొన్నది. మానెడు ఓట్లకు చిటికెడు సీట్లన్నమాట!

నియోజకవర్గంలో ముందున్నవానిదే గెలుపు అనే పద్ధతికి ఫలమిది. 1986లో రాయల్ కమిషన్ తన నివేదికలో జర్మనీలోని మిశ్రమ దామాషా విధానాన్ని సూచించినది. 1993 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 54 శాతం ఓటర్లు దానినే వరించారు. 1996లో తొలిసారి అమలైనది.

ఈ విధానంలో ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, రెండవది పార్టీకి. సభలో ఏ పార్టీ బలమెంతో తేల్చేది ప్రధానంగా ఈ రెండవ ఓటే. నియోజకవర్గాలలో గెలిచినవి పోను, తక్కువపడిన స్థానాలను పార్టీ జాబితానుండి పూరిస్తారు. స్థానిక ప్రతినిధీ ఉంటాడు, దామాషా న్యాయమూ నెరవేరుతుంది. ఇదే దీని ప్రధాన గుణం.

ఇక దోషాలు. జాబితాలో పేర్ల వరుసను నిర్ణయించేది పార్టీయే, ఓటరు మార్చలేడు. నియోజకవర్గంలో ఓడినవాడు జాబితా ద్వారా సభకు రావచ్చు. వాటా పొందాలంటే 5 శాతం పార్టీ ఓట్లైనా రావాలి, ఒక నియోజకవర్గమైనా గెలవాలి. ఈ నిబంధన వలన 2008లో 4 శాతం దాటిన న్యూజీలాండ్ ఫస్ట్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. అంతకన్న తక్కువ ఓట్లతో, ఎప్సమ్ నియోజకవర్గం గెలిచిన ఆక్ట్ పార్టీకి ఐదు వచ్చినవి. 1996లో ప్రభుత్వం ఏర్పడేందుకు దాదాపు రెండు నెలలు బేరసారాలు సాగినవి; ఆ సంకీర్ణం 1998లో విచ్ఛిన్నమైనది. అయినా 2011లో మరల అడుగగా, దాదాపు 58 శాతం ఈ విధానమే ఉండాలన్నారు.

2017లో విచిత్రం పునరావృతమైనది. అత్యధిక ఓట్లు పొందిన నేషనల్ పార్టీ ప్రతిపక్షంలో కూర్చున్నది. 1981కీ దీనికీ భేదమేమి? 2017లో అధికారానికి వచ్చిన లేబర్‌కూ, దానికి అండగా నిలిచిన రెండు పార్టీలకూ కలిపి సగానికి మించి ఓట్లున్నవి. 1981లో పాలించిన పార్టీకి 39 శాతమైనా లేవు. ఏ విధానమూ నిర్దోషం కాదు. కాని ఏలేవారి వెనుక ఎందరున్నారన్న ప్రశ్నకు ఏది నిజాయితీగా బదులిస్తుందో, దానివైపే నా మొగ్గు.