ఓడిన జట్టు, రహీం సాబ్, కాస్త ఓపిక

మన ఐటీ జనంలో ఇంగ్లీషు ప్రీమియర్ లీగ్ పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. తమ క్లబ్బు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిందా, సోమవారం పొద్దున టీ దగ్గర ఒకటే మాట: "మేనేజర్ని పీకేయాలి!" (ఆఫీసు మేనేజర్ సంగతి కాదు లెండి, ఆ కోరిక ఎప్పుడూ ఉండేదే.) ఓపిక పట్టమనే వాళ్ళు వెంటనే ఫెర్గూసన్ పేరు తీస్తారు. 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చిన ఆయనకి మొదటి కప్పు 1990లో గానీ దక్కలేదు, లీగ్ టైటిల్ 1993లో గానీ రాలేదు. నిజమే. కానీ దీనికోసం మాంచెస్టర్ దాకా పోవాలా? మన హైదరాబాదులోనే ఇంతకంటే మంచి కథ ఉంది.

మాది ముదిగుబ్బ. మా వైపు క్రికెట్టే లోకం. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ళు అకాడమీ పెట్టి పల్లె పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పబట్టి ఈమధ్య ఆ మాట వినబడుతోంది గానీ, సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడిగితే 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా చాలామందికి తెలీదు.

ఆయన బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకి స్వర్ణం తెచ్చారు. ఆ మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్. చలి దేశం, మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తు! ఇవాళయితే కోచ్ విమానం దిగేలోపు ఉద్యోగం ఊడేది.

కానీ రహీం సాబ్‌ని శాశ్వతంగా పక్కన పెట్టలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి మళ్ళీ ఆయనే కోచ్. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనవాళ్ళే, చివరికి 4-1తో ఓడారు. ఓటమే, కానీ పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్ళలో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు మరీ విచిత్రం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం పట్టుకొచ్చారు. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది. అప్పటికే ఆయనకి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మిగిలింది 1970 నాటి ఒక్క కాంస్యం. స్వర్ణం మళ్ళీ రాలేదు.

"అయితే ఎవర్నీ తీసెయ్యకూడదంటావా?" అంటారేమో. అక్కడికే వస్తున్నా.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సీజన్లో అట్టడుగు. 2020 జనవరిలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ని తీసేశారు. ఆల్బర్ట్ రోకా వచ్చినట్టే వచ్చి బార్సిలోనాకి వెళ్ళిపోయాడు. అప్పుడొచ్చాడు మనోలో మార్కెజ్. మొదటి ఏడాది ఐదో స్థానం, రెండో ఏడాది, అంటే 2022 మార్చిలో, ఐఎస్ఎల్ కప్పు! ఇక్కడ మార్చడమే మేలయింది కదా?

అయింది. కానీ ఆ తర్వాతి కథ కూడా చూడండి. మార్కెజ్ 2023లో వెళ్ళిపోయాడు. డబ్బు కష్టాలు ముదిరి, జీతాలు అందక ఆటగాళ్ళు దారి చూసుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒక్కటే గెలుపు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఆ జట్టుకి రహీం సాబ్‌నే తెచ్చి పెట్టినా ఏం చేస్తారు చెప్పండి? బావి ఎండిపోతే మోటారు మార్చి లాభమేముంది?

లెక్కలు కావాలనేవాళ్ళకి ఒక పరిశోధన. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త 1986-2004 మధ్య డచ్ లీగ్‌ని పరిశీలించాడు. మేనేజర్ని తీసేసిన క్లబ్బులు కోలుకున్నాయి. అంతే దిగజారి, మేనేజర్ని ఉంచుకున్న క్లబ్బులూ అలాగే కోలుకున్నాయి! మనకిది కొత్తేం కాదు. సర్వర్ నెమ్మదించగానే రీస్టార్ట్ కొడతాం. లోడ్ దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం రీస్టార్ట్‌కి వస్తుంది.

నాకు అర్థమైంది ఇదీ: రహీం సాబ్‌ని నమ్మడం జాలితో చేసిన పని కాదు. హైదరాబాదులో ఆయన పని కళ్ళెదుట ఉంది. పిల్లలకి డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలహీనమైన కాలితో ఆడే పోటీలు పెట్టి ఆట పద్ధతినే మార్చిన మనిషి. కాబట్టి ఓడిన కోచ్ విషయంలో అడగాల్సింది "ఎన్ని ఓడాడు?" అని కాదు, "ఎందుకు ఓడామో ఈయనకి తెలుసా? పోయినసారి చేసిన తప్పు ఈసారి తగ్గిందా?" అని. అవునంటే ఉంచండి, టేబుల్లో అడుగున ఉన్నా సరే. కాదంటే కప్పు గెలిచినవాడైనా పంపించెయ్యండి. అసలు లోపం యాజమాన్యంలో ఉంటే మాత్రం కోచ్‌ని మార్చడం, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

మన ప్రాజెక్టుల్లో రిలీజ్ తప్పిన ప్రతిసారీ లీడ్‌ని మార్చే పెద్దలు కూడా ఇది చదివితే బాగుణ్ణు. మీరేమంటారు?