లాక్విలా భూకంపం కేసు

ఇటలీలో భూకంప నిపుణులపై నడిచిన క్రిమినల్ కేసు. 2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున 3.32కు వచ్చిన భూకంపంలో లాక్విలా నగరం, చుట్టుపక్కల ఊళ్లలో 309 మంది చనిపోయారు.

అంతకుముందు నెలల తరబడి అక్కడ నేల కంపిస్తూనే ఉంది. రాడాన్ వాయువును కొలిచి పెద్ద భూకంపం తప్పదన్న జాంపావ్లో జూలియానీ అనే వ్యక్తి మాటలతో జనంలో అలజడి పెరిగింది. మార్చి 31న నిపుణుల సంఘం లాక్విలాలో సమావేశమైంది. అప్పుడే పౌర రక్షణ శాఖ అధికారి బెర్నార్డో డి బెర్నార్డినిస్ టీవీ విలేకరితో మాట్లాడాడు. చిన్న ప్రకంపనలతో భూమిలోని శక్తి బయటికి పోతోంది, ప్రమాదం లేదని శాస్త్రవేత్తలే అంటున్నారన్నాడు. అయితే నిశ్చింతగా ఓ గ్లాసు వైన్ తాగొచ్చా అని విలేకరి అడిగితే, తప్పకుండా అంటూ రకం పేరు కూడా చెప్పాడు: మాంటెపుల్చానో. శక్తి బయటికి పోతోంది కాబట్టి ప్రమాదం లేదన్న లెక్కకు శాస్త్రంలో ఆధారమే లేదు!

నేల కదిలితే ఇల్లు వదిలి ఆరుబయట పడుకోవడం అక్కడి పాత అలవాటు. ఏప్రిల్ 5 రాత్రి ప్రకంపన వచ్చినా, అధికారి ఇచ్చిన భరోసాతోనే తమవాళ్లు ఇంట్లో ఉండిపోయారని బాధిత కుటుంబాలు కోర్టులో చెప్పాయి.

2012 అక్టోబరులో ఆరుగురు నిపుణులు, డి బెర్నార్డినిస్ కలిపి ఏడుగురికి ఆరేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది. భూకంపాన్ని ముందే చెప్పలేదని శిక్షించారంటూ చాలా దేశాల్లో గగ్గోలు లేచింది. అసలు అభియోగం అది కాదు. ముప్పును సరిగా అంచనా వేయకుండా జనానికి ధీమా ఇచ్చారన్నది. 2014లో అప్పీలు కోర్టు ఆరుగురు నిపుణులను నిర్దోషులుగా తేల్చి, డి బెర్నార్డినిస్ శిక్షను రెండేళ్లకు తగ్గించింది. 2015లో అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పునే ఖాయం చేసింది.