విరిగిన ఎముక, కట్టిన చేయి

ఈ ప్రసంగం ముఖ్యంగా నర్సింగు చదువుతున్న మన పిల్లల కోసం. మిగతావాళ్ళు కూడా వినవచ్చు, ఎందుకంటే చెట్టెక్కే పిల్లలు అందరి ఇళ్ళల్లోనూ ఉంటారు.

నా తొమ్మిదో ఏట పనసచెట్టు మీంచి పడ్డాను. ఎడమ మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. పక్క ఊళ్ళో కట్టు కట్టే పెద్దాయన ఆకుపసరు రాసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించాడు. రాత్రంతా ఏడ్చాను. "ఎముక అతుకుతోందిరా, నొప్పి ఉండదా మరి" అంది మా అమ్మమ్మ. మూడోనాటికి వేళ్ళు నీలమెక్కాయి. ఎముక చక్కగానే అతికింది. కాని ఆ చేతి వేళ్ళు ఈనాటికీ నిటారుగా తెరుచుకోవు. మణికట్టు లోపలికి వంచితేనే కాస్త విచ్చుకుంటాయి.

ఈ వైకల్యానికి ఒక పేరుందని నాకు బీఈడీ చదివే రోజుల్లో తెలిసింది. 1881లో జర్మన్ శస్త్రవైద్యుడు రిషార్డ్ ఫాన్ ఫోక్‌మన్ దీన్ని వర్ణించాడు. విరిగినచోట వాపు పెరుగుతుంది. పైన కట్టు బిగుతుగా ఉంటే లోపలి ఒత్తిడికి దారి ఉండదు. కండకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చి, తరవాత తాడులా ముడుచుకుపోతుంది.

విచిత్రమేమిటంటే, ఈ సంగతి మన సుశ్రుతుడు ఏనాడో హెచ్చరించాడు. కట్టు వదులైతే కీలు నిలవదు, బిగువైతే వాపు, నొప్పి, చీము వస్తాయి, కాబట్టి మధ్యస్థంగా కట్టమన్నాడు. చలికాలంలో ఏడు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చమన్నాడు. బద్దలకు వెదురు, మద్ది, మర్రి, రావి, మోదుగ పట్టలు చెప్పాడు. పట్టలు మనవాళ్ళకు గుర్తున్నాయి, ఆ మధ్యస్థమన్న మాటే ఎక్కడో జారిపోయింది.

అలాగని కట్టు కట్టేవాళ్ళందరినీ నేను తిట్టబోవడం లేదు. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు అరుదు. ఒక వేటగాడికి అడవిలో ఆకు దొరికిందని, అది తగిలి కుందేలు ఎముకలు అతుక్కున్నాయని ఒక కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, ఆస్పత్రి లేనిచోట జనాన్ని ఆదుకున్నది ఈ చేతులే. ఇంగ్లండులో మాత్రం తక్కువా? లివర్‌పూల్ డాక్టరు హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) కట్టు కట్టేవాళ్ళ వంశంలోనే పుట్టాడు. తండ్రి విద్యను డాక్టరు చదువుతో కలిపి, తొడ ఎముకను కదలకుండా పట్టి ఉంచే ఇనప చట్రం తయారుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి దెబ్బకు తొడ విరిగిన సైనికుల్లో నూటికి ఎనభైమందిదాకా చనిపోయేవారట. ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ ఆ చట్రాన్ని యుద్ధరంగానికి తెప్పించాక ఆ సంఖ్య ఇరవైకి లోపే పడిపోయిందని అప్పటి లెక్కలు.

చర్మం చీలి ఎముక బయటికొస్తే అప్పట్లో కాలు తీసేయడమే వైద్యం. 1865 ఆగస్టులో గ్లాస్గోలో జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ కుర్రాడి కాలిమీదుగా బండి వెళ్ళింది. జోసెఫ్ లిస్టర్ ఆ గాయానికి కార్బాలిక్ ఆమ్లం తడిపిన గుడ్డ కట్టాడు. ఆరు వారాలకు కాలు దక్కింది. అంతకుముందే, 1852లో, డచ్చి సైనిక వైద్యుడు మాతైసెన్ పిండికట్టు విధానాన్ని ప్రకటించాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. అప్పటినుంచి చేత్తో తడిమి ఊహించడం పోయి, ఎముకను కళ్ళతో చూడడం వచ్చింది. మన జేకేపూర్ కాగితం మిల్లు 1962 నాటిది. అదే ఏడు నవంబరులో జాన్ చార్న్‌లీ అరిగిన తుంటికి ఉక్కు బంతి, ప్లాస్టిక్ గిన్నె అమర్చడం మొదలుపెట్టాడు.

మరి మన ప్రాంతం? 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడేదాకా కోరాపుట్ సీమ విశాఖపట్నం జిల్లాలోదే. 1923లో విశాఖలో వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆస్పత్రి వచ్చాయి. తరవాత సరిహద్దు గీత పడినా మన రోగులు రాయగడలో రైలెక్కి అటే వెళుతూ వచ్చారు. కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల 2017లో గాని రాలేదు.

నర్సు పిల్లలూ, మీ పుస్తకంలో ఉన్నదే చెబుతున్నాను. కట్టు కట్టిన చేతిని గంటగంటకూ చూడండి. వేళ్ళు వెచ్చగా ఉన్నాయా, రంగు మారిందా, స్పర్శ తెలుస్తోందా? గోరు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగొస్తోందా? వేలు మెల్లగా చాపితే రోగి కెవ్వున అరిస్తే, మందిచ్చినా నొప్పి తగ్గకపోతే, వెంటనే డాక్టరును పిలవండి. కట్టును చర్మం కనబడేదాకా వదులుచేయాలి. నాడి అందుతోంది కదా అని ఊరుకోకండి, నాడి ఆడుతుండగానే లోపల కండ చచ్చిపోవచ్చు.

కిందటేడు మా బళ్ళో ఒక కుర్రాడు గోడ దూకి అదే చోట విరగ్గొట్టుకున్నాడు. నేను స్కేలు ఆనించి, తువ్వాలుతో వదులుగా మెడకు వేలాడదీసి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రాత్రి అక్కడే కూర్చున్నాను. డ్యూటీలో ఉన్న చిన్న నర్సు గంటకోసారి వచ్చి, మొదట ఒడియాలో, వాడు నోరు విప్పకపోతే తెలుగులో, "వేళ్ళు ఆడించు బాబూ" అనేది. వాడు విసుక్కుంటూ ఆడించేవాడు. తెల్లారేదాకా అలాగే సాగింది.