గ్రామీణ విద్యార్థి చేతిలో ల్యాప్‌టాప్: బాసర ప్రయోగం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉత్తర తెలంగాణ గ్రామాలనుండి వచ్చిన విద్యార్థులకు ల్యాప్‌టాప్‌నే తరగతిగదిగా అందించే ప్రయోగం 2008లో బాసరలో మొదలైంది. ఆ యంత్రంలోని మల్టీమీడియా సౌకర్యాలు బోధనలో ఏ పాత్ర వహించాయో, దాని సంరక్షణ విద్యాసమానత్వానికి సంబంధించిన ప్రశ్నగా ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ల్యాప్‌టాప్, మల్టీమీడియా, బాసర, గ్రామీణవిద్య, సంరక్షణ

1. ఉపోద్ఘాతం

గ్రంథసంరక్షణ తెలుగువారికి కొత్త విద్య కాదు. నూనెనుండి, నీటినుండి, వదులుకట్టునుండి ప్రతిని కాపాడమని చదువరులను వేడుకోవడం తాళపత్ర లేఖకుల సంప్రదాయం. ఆకు శిథిలమయ్యేలోగా మరొక ప్రతి రాయించడంవల్లనే మన ప్రాచీనవాఙ్మయం నిలిచింది. తాళపత్రాన్ని గురించి పరిశోధకులు వేసే ప్రశ్నలు మూడు: అది ఎవరికి దక్కింది? దానిని ఎలా చదివారు? అది ఎలా నిలిచింది? ఈ ప్రశ్నలను ల్యాప్‌టాప్‌కు కూడా వేయవచ్చు. మొదటి రెండింటిపై చర్చ కొంత జరిగింది. మూడవ ప్రశ్నను మాత్రం యంత్రం బాగుచేసేవారి పనిగా భావించి పక్కన పెట్టడం కనిపిస్తుంది.

2. నోట్‌బుక్ కంప్యూటర్ పరిణామం

పిల్లలు చేతపట్టుకొని చదువుకోగల పుస్తకపరిమాణపు కంప్యూటర్‌ను 1972లో అలన్ కే ‘డైనాబుక్’ పేరుతో ఊహించాడు. అంటే ఈ యంత్రం తొలి ఊహలలోనే విద్యార్థి ఉన్నాడు. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ తెరను మడిచి మూసే పద్ధతిని చూపింది. 1991 మూడు కారణాలవల్ల గమనార్హమైన సంవత్సరం. యాపిల్ పవర్‌బుక్ కీబోర్డును వెనక్కి జరిపి ముందుభాగంలో మణికట్టుకు చోటిచ్చింది. నేటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ అమరికనే అనుసరిస్తున్నాయి. సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని వాణిజ్యపరంగా విడుదల చేసింది. యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి స్థానం లభించింది. తర్వాత 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడంతో సాధారణ వినియోగదారుని కంప్యూటర్‌లో తెలుగు నేరుగా కనిపించే మార్గం ఏర్పడింది.

తొలినాళ్ల ల్యాప్‌టాప్ ప్రధానంగా అక్షరాల, అంకెల యంత్రం. 1990లనుండి సీడీ డ్రైవు, స్పీకర్లు, మైకు, కెమెరా క్రమంగా దానిలో చేరాయి. చదివే యంత్రం చూపే, వినిపించే యంత్రంగా మారింది.

3. రాజ్ రెడ్డి ఆలోచన

ఈ మార్పును గ్రామీణవిద్యతో ముడిపెట్టినవారిలో ప్రొఫెసర్ రాజ్ రెడ్డి ముఖ్యులు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆయన కృత్రిమమేధలో చేసిన కృషికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. కంప్యూటర్, టెలివిజన్, టెలిఫోన్‌లను ఒకటిగా కలిపే ‘పీసీటీవీటీ’ భావనను ఆయన ముందుకు తెచ్చారు. అక్షరం అడ్డంకిగా ఉన్న మనిషికి మాట, చిత్రం ఎక్కువ అవసరం. కనుక పేదవానికి తక్కువ శక్తిగల యంత్రం చాలుననుకోవడం పొరపాటని ఈ భావన సూచిస్తుంది. మల్టీమీడియా విలాసమనే అభిప్రాయాన్ని ఇది తలక్రిందులు చేసింది.

4. బాసర ప్రయోగం

1986 జాతీయ విద్యావిధానం గ్రామీణ ప్రతిభావంతులకోసం నవోదయ విద్యాలయాలకు రూపమిచ్చింది. కరీంనగర్ జిల్లా విద్యాలయం చొప్పదండిలో ఉంది. నవోదయ గ్రామీణబాలలకు వసతితో కూడిన చదువునిస్తే, 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం దానికి వ్యక్తిగత యంత్రాన్ని జోడించింది. జనవ్యవహారంలో ‘ట్రిపుల్ ఐటీ’గా పిలువబడే ఈ సంస్థకు రాజ్ రెడ్డి తొలి కులపతి. నూజివీడు, ఇడుపులపాయలతోపాటు నాటి ఆదిలాబాద్ జిల్లా (2016నుండి నిర్మల్ జిల్లా) బాసరలో ప్రాంగణం ఏర్పాటైంది. పదవ తరగతి తర్వాత ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ విద్య, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ప్రవేశాల్లో అదనపు ప్రాధాన్యం దీని ప్రత్యేకతలు. చొప్పదండి వంటి మండలాల ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఇది తెరిచిన ద్వారం చిన్నది కాదు.

ఇక్కడ విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇవ్వడం బోధనపద్ధతిలో భాగం. వీడియోపాఠాలు, ఎలక్ట్రానిక్ పాఠ్యసామగ్రి యంత్రంలో ఉంటాయి. అధ్యాపకుడు మార్గదర్శిగా వ్యవహరిస్తాడు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషు మాధ్యమంలో అడుగుపెట్టిన విద్యార్థికి దీనివల్ల కలిగే ప్రయోజనం ప్రత్యేకమైనది. అర్థంకాని చోట పాఠాన్ని ఆపవచ్చు, వెనక్కి జరిపి మళ్లీ వినవచ్చు. తోటివారి ముందు ‘మళ్లీ చెప్పండి సార్’ అని అడగడానికి సంకోచించే పిల్లవానికి ఆ చిన్న మీట ఇచ్చిన ధైర్యాన్ని తక్కువగా అంచనా వేయరాదు.

5. సంరక్షణ: వాతావరణం, వసతి, వస్తువు

యంత్రమే తరగతిగది అయినప్పుడు అది పాడైతే విద్యార్థి తరగతికి దూరమైనట్లే. సాధారణంగా ల్యాప్‌టాప్ తయారీదారులు వినియోగానికి 35 డిగ్రీల సెల్సియస్ పరిసర ఉష్ణోగ్రతను పరిమితిగా సూచిస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం తెలిసిందే. అందువల్ల ఇక్కడి సంరక్షణకు స్థానికమైన లెక్క అవసరం.

లిథియం అయాన్ బ్యాటరీని అధికవేడి, నిరంతరం పూర్తి చార్జింగులో ఉండడం త్వరగా క్షీణింపజేస్తాయి. వీలైనంతవరకు 20నుండి 80 శాతం మధ్య ఉంచడం మేలు. వీడియో నడిచేటప్పుడు ప్రాసెసర్‌పై భారం, వేడి పెరుగుతాయి. హాస్టల్ మంచంపై దుప్పటిమీద యంత్రాన్ని పెడితే అడుగున గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. గట్టి పలకో, అట్టో కింద ఉండాలి. ఫ్యాన్‌లో చేరే దుమ్మును ఏటా తీయించాలి. నీళ్లో, టీయో ఒలికితే వెంటనే ఆపి, చార్జర్ తీసి, బోర్లించి ఆరబెట్టాలి. లోపలి తడి పూర్తిగా ఆరిందని బాగుచేసేవారు చూసేవరకు మళ్లీ ఆన్ చేయరాదు. తెరపై నేరుగా ద్రవం చల్లకుండా, కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి. బ్యాటరీ ఉబ్బితే వాడకం ఆపాలి, గుచ్చరాదు, చెత్తలో వేయరాదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీల సేకరణబాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.

వీటన్నిటికంటె ముఖ్యం పాఠాలకు, రాతలకు మరొక ప్రతి ఉంచుకోవడం. ఈ విషయంలో తాళపత్ర లేఖకుని నీతి నేటికీ మారలేదు.

6. 2022: వస్తువు హక్కుగా మారడం

2022 జూన్‌లో బాసర విద్యార్థులు సుమారు వారంరోజులు శాంతియుతంగా ఆందోళన చేశారు. వారి డిమాండ్లలో ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరులో పంపిణీ జరిగింది. బయటివారికి ఇది వస్తువుకోసం చేసిన కోరికగా తోచవచ్చు. ల్యాప్‌టాప్‌ను తరగతిగదిగా నిర్ణయించిన విద్యావ్యవస్థలో ఇది తరగతిగది కావాలన్న కోరిక. ఇంట్లో మరొక కంప్యూటర్ ఉన్న విద్యార్థికి యంత్రం పాడవడం అసౌకర్యం మాత్రమే. వ్యవసాయకూలీ కుటుంబంనుండి వచ్చిన విద్యార్థికి అది చదువుకు అంతరాయం. సమానంగా పంచిన వస్తువు బాగుచేసే వసతి లేనిచోట మళ్లీ అసమానతకే దారితీస్తుంది.

7. ముగింపు

పై పరిశీలనవల్ల ఈ అంశాలు తేలుతున్నాయి:

1. ల్యాప్‌టాప్‌లోని మల్టీమీడియా గ్రామీణ విద్యార్థికి వినోదసాధనం మాత్రమే కాదు. మాధ్యమభాష మారినప్పుడు ఆధారమయ్యే బోధనసాధనం.

2. శీతలప్రదేశాలను దృష్టిలో ఉంచుకొని రాసిన సంరక్షణసూచనలు ఉత్తర తెలంగాణ వేసవికి చాలవు. స్థానిక వాతావరణానికి తగిన సూచనలు తెలుగులో రావాలి.

3. పంపిణీతోపాటు మరమ్మతుకేంద్రం, బ్యాటరీ మార్పిడి, తాత్కాలికంగా ఇచ్చే బదులు యంత్రం పథకంలో భాగం కావాలి.

తాళపత్రాలను నిలిపిన కీర్తిలో కవితోపాటు లేఖకునికీ భాగముంది. నేటి విద్యాచరిత్ర కూడా ల్యాప్‌టాప్ ఇచ్చిన తేదీతో ఆగక, అది ఎన్నాళ్లు పనిచేసిందో నమోదు చేయవలసి ఉంది.