అప్ప: కొందరికి నాన్న, కొందరికి అక్క

బరంపురం తెలుగింటి అమ్మాయి కోలారు తెలుగింటికి కోడలుగా వచ్చిందనుకోండి. పెళ్ళయిన నెలకు ఫోను పెట్టేసి, "రేపు మా అప్పావాళ్ళు వస్తున్నారు" అంటుంది. అత్తగారు వియ్యంకుడు వస్తున్నాడని మర్యాదలకు సిద్ధమవుతారు. తెల్లవారి గుమ్మంలో దిగేది కోడలి అక్క, ఆమె పిల్లలు. ఇందులో ఎవరి తెలుగూ తప్పు కాదు. అప్ప అన్న ఒక్క మాట రెండు ఊళ్ళలో రెండు పనులు చేస్తుంది, అంతే.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లోను, వాటిని ఆనుకొని ఒడిశాలో ఉన్న తెలుగిళ్ళలోను అప్ప అంటే అక్క. అందరికన్నా పెద్దామె పెద్దప్ప. మిగతా తెలుగు నేలలో ఈ అర్థం విడిగా వినిపించకపోయినా జంటమాటలో బతికే ఉంది. "అప్పచెల్లెళ్ళు" అనని తెలుగువాళ్ళు అరుదు. అందులో అప్ప ఎవరో మనం ఆలోచించం.

కన్నడంలో అప్ప తండ్రి. తమిళంలో అప్పా కూడా అంతే. ఈ రెండు భాషల మధ్య తరాలుగా ఉన్న మన ఇళ్ళలో నాయన, నైనా, నాన్న అన్న మాటల పక్కన అప్ప కూడా చేరింది. తండ్రి అన్నదమ్ముల్లో పెద్దవాడు కన్నడంలో దొడ్డప్ప, తమిళంలో పెరియప్పా. చిన్నవాడు చిక్కప్ప, చిత్తప్పా. ఇప్పుడు పైన చెప్పిన పెద్దప్పను తలుచుకోండి. ఉత్తరాంధ్రలో అక్క. అదే మాట కన్నడ సీమ తెలుగువాళ్ళ చెవికి పెదనాన్నలా వినబడుతుంది.

తండ్రి అనే అర్థం మనకు పొరుగు భాషల నుంచే వచ్చిందనుకుంటే పొరపాటు. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలన్నిటినీ ఒకే మూలం కింద చేర్చింది. తెలుగు అప్పకు అందులో తండ్రి, తల్లి, అక్క అనే అర్థాలు కనిపిస్తాయి. తులు భాషలో అప్పె అంటే తల్లి! శ్రీకృష్ణదేవరాయలు తన మంత్రి తిమ్మరుసును అప్పాజీ అని పిలిచేవాడన్నది మనందరం విన్న కథ. అక్కడ అప్ప తండ్రే. రాయలసీమలో తిమ్మప్పలు, హనుమంతప్పలు, వెంకటప్పలు ఊరికొకరు ఉంటారు. అంటే అప్ప మొదట ఇంట్లో పెద్దవారికి, గౌరవించవలసినవారికి వాడిన మాట కావచ్చు. ఆ పెద్దరికం ఒకచోట తండ్రికి, ఒకచోట తల్లికి, మరోచోట తోడబుట్టినవాళ్ళలో పెద్దదానికి దక్కినట్టుంది. ఇది నా ఊహే గాని, అర్థాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంతకన్నా సూటిగా తోచదు.

అన్నిటికన్నా విచిత్రం సింహాచలంలో ఉంది. అక్కడి వరాహలక్ష్మీనరసింహస్వామిని జనం సింహాద్రి అప్పన్న అంటారు. ఆయన పేరు మీదే ఆ ప్రాంతంలో అప్పన్నలు, అప్పలనాయుళ్ళు, అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు. ఏ ఇంట్లో అక్కను అప్ప అంటారో, ఆ ఇంట్లోనే కొడుక్కి అప్పలస్వామి అని పేరు. ఒకే వాకిట్లో రెండు అప్పలు తిరుగుతున్నా అక్కడివారికి ఏ తికమకా లేదు. వినే చెవికి సందర్భం చాలు. తమిళనాట అప్పర్ అని పేరొందిన తిరునావుక్కరసరుది కూడా ఇలాంటి ముచ్చటే. ఆయన్ని అప్పా అని పిలిచినవాడు బాలకవి జ్ఞానసంబంధర్. అప్పర్ కథను నడిపించిన మనిషి మాత్రం ఆయన అక్క తిలకవతి. శ్రీకాకుళం తెలుగులో చెప్పాలంటే, అప్పర్‌ను దారిలో పెట్టింది వాళ్ళప్ప.

మరాఠీలో ఆప్పా పెద్ద మగవాళ్ళను గౌరవంగా పిలిచే మాట. 1739లో పోర్చుగీసుల నుంచి వసయి కోటను గెలిచిన చిమాజీ ఆప్పా, మొదటి బాజీరావుకు తమ్ముడు. షోలాపూర్, ముంబయి తెలుగువాళ్ళకు ఈ పిలుపు కొత్తేమీ కాదు. కాని ఊరేగింపులో వినబడే గణపతి బప్పా వేరు. ఆ బప్పా బాపు, బాబుల వైపు చుట్టం.

ఒడియాలో అపా అంటే అక్క. బరంపురం వీధిలో ఒడియా పిల్ల, తెలుగు పిల్ల తమ అక్కల్ని పిలిస్తే తేడా పకారం ఒత్తులోనే. ఉర్దూలో ఆపా కూడా అక్కే. రచయిత్రి ఇస్మత్ చుగ్తాయిని ఇస్మత్ ఆపా అనేవారు. ఉజ్బెక్ భాషలో అక్కను ఒపా అంటారు. ఇటు కొరియాలో మాత్రం అప్పా అంటే నాన్న. కొరియా సీరియళ్ళు చూసే తమిళ పిల్లలు దీన్ని చూసి రెండు భాషలూ చుట్టాలనేస్తున్నారు. అంత తొందర అక్కర్లేదు. పసిబిడ్డ పెదవులు కలిపి తేలిగ్గా పలికేవి ప, బ, మ. ఆ పలుకును తల్లి ఒకలా, తండ్రి ఒకలా తమదిగా తీసుకుంటారు. జార్జియా భాషలో మామా అంటే ఏకంగా తండ్రి. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో దొరగారి పిల్లలకు పాపా తండ్రి. పక్కింటి తెలుగువాళ్ళకు పాప ఉయ్యాలలో పిల్ల.

తిండి అప్పాల సంగతి వేరు. ఆంజనేయుడికి దండ గుచ్చే మన అప్పాలు, తమిళుల ఆప్పం సంస్కృత అపూపంతో ముడిపెట్టి చెప్పేవి. పెళ్ళిలో అప్పగింతలకు ఈ అప్పతో గాని ఆ అప్పంతో గాని పొత్తు లేదు.

ఇదంతా సరదా కోసమే అయితే ఇంతసేపు చెప్పనక్కర్లేదు. రెండు చోట్ల ఈ మాట నిజంగా ఇబ్బంది పెడుతుంది.

ఒకటి, కాగితాలు. కర్ణాటకలో అప్ప పేరులో భాగం, ఇంటిపేరు కాదు. కవి కువెంపు పేరు పుట్టప్ప, ఆయన తండ్రి పేరు వెంకటప్ప. ఇద్దరి చివరా అప్ప ఉన్నా అది వంశం పేరు కాదు. దరఖాస్తుల్లో ఇంటిపేరు గడి కనబడగానే అప్పను విరిచి అందులో వేస్తే ఒక కాగితంలో వెంకటప్ప, మరో కాగితంలో వెంకట అప్ప అవుతారు. ఆ తరవాత ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవలసింది మనమే.

రెండోది, పాత ఉత్తరాలు. తాతల పెట్టెల్లో "అప్పగారు ఇచ్చిన పొలం" అని కనబడితే, ఆ పొలం తండ్రి వైపు నుంచి వచ్చిందా, అక్కగారు ఇచ్చిందా? వంశవృక్షం రాసుకునేవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు. మన వ్యాకరణం కొంత సాయపడుతుంది. "అప్ప వచ్చింది" అంటే అక్క, "అప్ప వచ్చినాడు" అంటే మగమనిషి. కాని గౌరవంగా "వచ్చినారు" అని రాస్తే ఆ ఆనవాలు పోతుంది. అప్పుడు పేరు ముందున్న మర్యాద అక్షరాలు చూడాలి. మ.రా.రా.శ్రీ అంటే మహారాజరాజశ్రీ, మగవారికి. సౌ. అని ఉంటే ముత్తైదువ. గం.భా.స. అని ఉంటే గంగాభాగీరథీ సమానురాలు, అంటే భర్త పోయిన స్త్రీ. అవి కూడా లేకపోతే ఉత్తరం ఏ ఊరినుంచి వచ్చిందో చూడండి. టెక్కలి, పర్లాకిమిడి వైపు నుంచి అయితే ముందు అక్కనే అనుకోవాలి. హోసూరు, మడకశిర వైపు నుంచి అయితే తండ్రిని.

తపాలా ముద్ర చెరిగిపోయి ఉంటే, ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉన్నప్పుడే అడిగి, ఆ ఉత్తరం వెనకే పెన్సిలుతో రాసిపెట్టుకోండి.